పెయింట్ షాపుకు పీసీబీ నివేదికలు తయారుచేసే సేవ: రెండేళ్ల అనుభవం మీద ఒక సమీక్ష

చర్లపల్లి పారిశ్రామికవాడలో మాకొక చిన్న కోటింగ్ యూనిట్ ఉంది. ఎలక్ట్రికల్ ప్యానెళ్ల డబ్బాలకు, పంపుల బాడీలకు, కొన్ని ట్రాక్టరు భాగాలకు రంగు వేసి ఇస్తాం. ఒకవైపు పౌడర్ కోటింగ్, మరోవైపు నీటి తెర ఉన్న రెండు స్ప్రే బూత్‌లు, డీజిల్‌తో వేడెక్కే ఒక ఓవెన్, కరెంటు పోయినప్పుడు ఆదుకునే 125 కేవీఏ జనరేటర్. ఇంత చిన్న వ్యవహారానికి కూడా ఏడాది పొడవునా కాలుష్య నియంత్రణ మండలికి (పీసీబీకి) అప్పజెప్పవలసిన లెక్కలుంటాయి. ఆ లెక్కలను మా తరఫున తయారుచేసే ఒక పర్యావరణ కన్సల్టెన్సీ వార్షిక ప్యాకేజీని రెండేళ్లుగా వాడుతున్నాం. ఇక్కడ రాస్తున్నది దాని గురించే. మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులూ ఉన్నందువల్ల సంస్థ పేరు రాయడం లేదు. పేరు లేకపోయినా, ఇలాంటి సేవను ఎంచుకోబోయే తోటి యజమానులకు ఏది అడగాలో తెలిస్తే చాలని నా ఉద్దేశం.

ముందుగా ఈ లెక్కల నేపథ్యం కొంత చెప్పాలి. 1981 నాటి వాయు కాలుష్య చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం మండలి అనుమతి లేకుండా యూనిట్ పెట్టకూడదు, నడపకూడదు. మన రెండు రాష్ట్రాలలోనూ కట్టడానికి ముందు తీసుకునే దాన్ని సీఎఫ్‌ఈ అని, నడపడానికి తీసుకునే దాన్ని సీఎఫ్‌ఓ అని అంటాం. కాలుష్య తీవ్రతను బట్టి పరిశ్రమలకు రంగుల పేర్లు పెడుతూ కేంద్ర మండలి 2016లో చేసిన వర్గీకరణలో స్ప్రే పెయింటింగ్, పెయింట్ బేకింగ్ పనులు ఆరెంజ్ వర్గంలోకి వచ్చాయి. సీఎఫ్‌ఓ చేతికి రాగానే దాన్ని ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకు తగిలించి మరిచిపోవడం మనలో చాలామందికి అలవాటు. నేనూ అదే చేశాను. దాని వెనక పేజీలలో ఉన్న షరతులను మొదటి మూడేళ్లూ నేను పూర్తిగా చదవలేదని ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

అప్పట్లో మాకు మరో కన్సల్టెంటు ఉండేవాడు. ఏడాదికి పదిహేను వేలు తీసుకునేవాడు. సెప్టెంబరులో ఫోన్ చేసి, ఉత్పత్తి ఎంత, కరెంటు బిల్లు ఎంత అని రెండు ముక్కలు అడిగి, ఫారం-5 నింపి పంపేసేవాడు. పర్యావరణ పరిరక్షణ నియమాలలోని 14వ నియమం కింద, మార్చి 31తో ముగిసిన ఆర్థిక సంవత్సరానికి సంబంధించిన పర్యావరణ వివరాలను సెప్టెంబరు 30లోగా మండలికి సమర్పించాలి. ఫారం-5 అంటే అదే. ఎన్నో ఏళ్ల తర్వాత మా పాత ఫారాలను వరుసగా పక్కన పెట్టి చూస్తే, ఉత్పత్తి ఒకటిన్నర రెట్లు పెరిగిన సంవత్సరంలో కూడా థిన్నర్ (రంగును పలచన చేసే ద్రావకం) వాడకం అంకె అణువంతైనా కదలలేదు. ఆయన తప్పుడు లెక్క రాశాడనడం కూడా పెద్ద మాటే అవుతుంది, అసలు ఆయన ఏ లెక్కా వేయలేదు. పాత అంకె మీద కొత్త తేదీ వేశాడు. కింద సంతకం మాత్రం నాది.

కొత్త సంస్థ ధర ఏడాదికి నలభై ఎనిమిది వేలు, ల్యాబు పరీక్షల ఖర్చు అదనం. మూడింతలకు పైబడిన ఆ ధర విని మా అన్నయ్య ముఖం చిట్లించాడు. అయితే మొదటి రోజే తేడా కనిపించింది. వచ్చిన ఇంజనీరు ఆఫీసులో కూర్చోలేదు. నేరుగా రంగులు కలిపే గదిలోకి వెళ్లి, అక్కడి స్టోర్ కుర్రాడిని పలకరించి, "అన్నా, నెలకు ఎన్ని డ్రమ్ముల థిన్నర్ వస్తది, అది ఎక్కడెక్కడికి పోతది?" అని అడిగింది. మావాడు కాసేపు ఆలోచించి, "కలిపినంత కలుపుతం, గన్లు కడుగుతం మేడం, మిగిలింది గాలికే పోతది" అన్నాడు. ఆమె ఆ మాటను నోటు పుస్తకంలో ఉన్నదున్నట్టు రాసుకుంది. ఈ సేవలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన భాగం అక్కడే మొదలైంది.

ఆ తర్వాత ఆమె మాతో వేయించిన లెక్క ఇలా ఉంటుంది. నెలలో 400 కిలోల పెయింటు వాడామనుకుందాం. డబ్బాతో వచ్చే సాంకేతిక పత్రం చూస్తే అందులో ఆవిరయ్యే భాగం బరువులో 45 శాతం అని ఉంది. అంటే 180 కిలోలు. దానికి కలిపినదీ, స్ప్రే గన్లు కడిగినదీ కలిపి 200 లీటర్ల థిన్నర్. లీటరుకు 0.87 కిలోల చొప్పున అది 174 కిలోలు. మొత్తం 354 కిలోల ద్రావకం మా గేటు లోపలికి వచ్చింది. గేటు బయటికి లెక్క ప్రకారం పోయినది, వాడేసిన థిన్నర్ రూపంలో రీసైక్లరుకు ఇచ్చిన 60 కిలోలు. మిగిలిన 294 కిలోలు స్లడ్జ్‌లో, అంటే రంగు మడ్డిలో, అంటుకుపోయిన కాస్త మినహా బూత్ పైపు గుండా, ఓవెన్ పైపు గుండా, తెరిచి ఉంచిన డబ్బాల మూతుల గుండా ఆకాశంలో కలిసింది. ఈ కూడికలకూ తీసివేతలకూ ఎనిమిదో తరగతి లెక్కలు చాలు. అయినా ఇన్నేళ్లలో మాకెవరూ వేసి చూపించలేదు, మేమూ వేసుకోలేదు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది, దాని గురించి కొంచెం విడిగా రాయాలి. మా సీఎఫ్‌ఓలో బూత్ స్టాకుకు, అంటే గాలిని బయటికి వదిలే పైపుకు, పెట్టిన పరిమితి ధూళికణాలకు ఘనమీటరుకు 115 మిల్లీగ్రాములు. ల్యాబు వాళ్లు స్టాకులో ప్రోబు పెట్టి గాలిని లాగితే, అందులోని రంగు తుంపరలూ ధూళీ వడపోత థింబుల్‌లో ఆగుతాయి. థింబుల్ బరువు ఎంత పెరిగిందో చూసి అంకె ఇస్తారు. థిన్నర్ ఆవిరి ఆ వడపోతలో ఆగదు, దాటిపోతుంది. అందువల్ల మా నివేదికలో 28 అని చక్కటి అంకె వస్తుంది, పక్క షెడ్డువాళ్లు మాత్రం ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు. రెండూ నిజమే. మాకు అడిగిన పరీక్షలో మేము నెగ్గాం, మేము వదిలే అసలు సరుకును ఆ పరీక్ష తూచలేదు. పెయింట్ షాపులో పనిచేసే ప్రతివాడికీ తెలిసిన వాసన కాగితాల మీదికి ఎందుకు రాదని నాకు చాలాకాలంగా ఉన్న సందేహానికి సమాధానం ఈ థింబుల్‌లో దొరికింది.

కన్సల్టెన్సీ చేసిన మంచి పని ఏమిటంటే, షరతులలో అడగకపోయినా ఆ ద్రావకం లెక్కను ఫారం-5 చివరి భాగంలో, యూనిట్ స్వయంగా చేసుకుంటున్న మెరుగుదలల కింద చేర్చమని సూచించడం. నేను వెంటనే ఒప్పుకోలేదు. అడగని అంకెను మనమే రాసిస్తే రేపు అదే మెడకు చుట్టుకుంటుందని భయపడ్డాను. ఆ ఇంజనీరు తడుముకోకుండా చెప్పింది: థిన్నర్ కొన్న బిల్లులు జీఎస్టీలో ఉన్నాయి, ఫారం-5లోని ముడిసరుకుల భాగంలో మనమే వాడకం రాస్తున్నాం, ప్రమాదకర వ్యర్థాల లెక్కలో మనమే ఎంత పంపామో రాస్తున్నాం. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి చూసే అధికారి ఎవరైనా ఉంటే మిగిలినది ఎక్కడికి పోయిందో అరనిమిషంలో తెలుస్తుంది. దాచడానికి అసలేమీ లేని చోట దాచినట్టు కనిపించడం ఎందుకని ఆమె వాదన. చివరికి చేర్చాం. దానివల్ల మాకు ఏ ఇబ్బందీ రాలేదు.

ఆ లెక్క వల్ల కలిగిన అసలు లాభం డబ్బులో కనిపించింది. గన్లు కడగడానికి వాడే థిన్నర్‌ను మూత ఉన్న డబ్బాలోకి మార్చాం. పాత గన్ల స్థానంలో ఎక్కువ గాలి, తక్కువ ఒత్తిడితో పనిచేసే హెచ్‌వీఎల్‌పీ గన్లు తెచ్చాం. వీటిలో ముక్కు దగ్గర ఒత్తిడి 10 పీఎస్‌ఐకి మించదు కాబట్టి రంగు వస్తువుకు తగిలి వెనక్కి చిమ్మడం తగ్గుతుంది. మొదటి నెల పెయింటర్లు వాటిని తిట్టుకున్నారు, చెయ్యి కుదరడానికి సమయం పట్టింది. ఏడాది తిరిగేసరికి థిన్నర్ కొనుగోలులో మిగిలిన సొమ్ము కన్సల్టెన్సీ ఫీజులో సగానికి పైగా వచ్చింది. మా అన్నయ్య ముఖం మళ్లీ మామూలుగా అయింది.

స్టాకు పరీక్ష విషయంలో కూడా ఈ సంస్థ పాత పద్ధతిని మార్చింది. ఇంతకు ముందు ల్యాబు కుర్రాళ్లు సరిగ్గా భోజన విరామంలో వచ్చి, బూత్‌లో గన్ను ఆడని సమయంలో, పైపు చివర దగ్గర ఎక్కడో గొట్టం పెట్టి నమూనా తీసుకుని వెళ్లేవారు. అంకె తక్కువగా వచ్చేది, మేమూ సంతోషించేవాళ్లం. కొత్త ఇంజనీరు నమూనా తీసే రోజు ఉత్పత్తి ఎంత ఉందో, ఎన్ని గన్లు ఆడుతున్నాయో పరీక్ష పత్రంలోనే రాయించింది. నమూనా రంధ్రం ఉన్న చోటు కూడా తప్పేనని తేల్చింది. ఫ్యానో వంపో దాటిన తర్వాత పైపు వ్యాసానికి ఎనిమిది రెట్ల దూరంలో, పై చివరకు రెండు రెట్ల కిందుగా రంధ్రం ఉంటేనే లోపల గాలి నిలకడగా సాగి నమూనా సరిగ్గా వస్తుంది. మా పైపు వ్యాసం అర మీటరు కాబట్టి వంపు నుంచి నాలుగు మీటర్ల పైన, చివరకు మీటరు కింద అన్నమాట. కొత్త రంధ్రం, నిలబడడానికి వేదిక, పట్టుకుని ఎక్కడానికి నిచ్చెన కలిపి మాకు బాగానే ఖర్చయింది. అయితే అలాంటి వేదికా రెయిలింగూ లేకుండా ఇన్నాళ్లూ ఆ ల్యాబు కుర్రాళ్లు రేకుల మీద నడిచి పైపు దగ్గరికి వెళ్లేవారన్న సంగతి తలుచుకుంటే ఆ ఖర్చు గురించి నాకు చింత లేదు.

జనరేటర్ పొగగొట్టం దగ్గర ఇంకో లోపం బయటపడింది. కట్టడం ఎత్తుకు కేవీఏ వర్గమూలంలో ఐదో వంతు మీటర్లు కలిపితే ఎంత వస్తుందో అంత ఎత్తు గొట్టం ఉండాలి. 125కు వర్గమూలం సుమారు 11.2, అందులో ఐదో వంతు 2.2 మీటర్లు. మా షెడ్డు ఆరు మీటర్లు కాబట్టి గొట్టం 8.2 మీటర్లు ఉండాలి, ఉన్నది ఏడు. పాత కన్సల్టెంటు ప్రతి ఏడాదీ పంపిన షరతుల అమలు నివేదికలో ఆ వరుసకు ఎదురుగా "పాటించబడింది" అని ఉంది. టేపు పెట్టి కొలిచిన పాపాన ఎవరూ పోలేదు.

ఫారం-5 మూడో భాగం గాలిలోకి వదిలిన కాలుష్యాన్ని గాఢతగా రాయమనడంతో ఆగదు, రోజుకు ఎంత బరువు అన్నది కూడా అడుగుతుంది. గాఢతను గంటకు పోయే గాలి పరిమాణంతోనూ, రోజుకు నడిచే గంటలతోనూ హెచ్చవేయాలి. ఘనమీటరుకు 28 మిల్లీగ్రాములు, గంటకు 9,000 ఘనమీటర్లు, ఎనిమిది గంటల షిఫ్టు అంటే రోజుకు సుమారు రెండు కిలోల ధూళి. పాత ఫారాలలో ఆ గడి ఖాళీగా ఉండేది. ఈ సంస్థ మొదటి ఏడాది నుంచే దాన్ని నింపుతోంది. లెక్క వేసిన కాగితాన్ని కూడా జతచేసి ఇస్తోంది కాబట్టి ఎవరైనా అడిగితే నేనే వివరించగలను.

ప్రమాదకర వ్యర్థాల వైపు సేవ ఫరవాలేదు. 2016 నియమాల మొదటి షెడ్యూలులో పెయింటు స్లడ్జ్ 21.1గా, వాడేసిన ద్రావకం 21.2గా, ఫాస్ఫేట్ స్లడ్జ్ 12.5గా, అంటుకున్న రంగుతో మిగిలే ఖాళీ డ్రమ్ములు 33.1గా ఉంటాయి. 90 రోజులకు మించి ఆవరణలో ఉంచకూడదు. పంపిన ప్రతిసారీ సరుకు వెంట వెళ్లే ఫారం-10 మానిఫెస్టు, ఏడాదికొకసారి జూన్ 30లోగా ఏడాది మొత్తం లెక్కతో ఫారం-4. మా స్లడ్జ్ దుండిగల్‌లోని శుద్ధి కేంద్రానికి వెళ్తుంది. మానిఫెస్టు ఏడు రంగుల ప్రతులలో, సరుకు అందుకున్నవారు సంతకం చేసి తిరిగి పంపవలసిన నీలిరంగు ప్రతి వచ్చిందా లేదా అన్నది ఎవరో ఒకరు వెంటబడి చూస్తే తప్ప తెలియదు. ఈ సంస్థ మొదటి ఏడాది చక్కగా వెంటబడింది. రెండో ఏడాది ఆ పని మా స్టోర్ కుర్రాడే చేశాడు.

క్రోమియం ఉండే జింకు క్రోమేట్ పసుపు ప్రైమర్ (అడుగు పూత) గురించి వాళ్లు ఇచ్చిన హెచ్చరిక ప్యాకేజీలో లేనిదైనా ఉపయోగపడింది. సీసంపై మన దేశంలో 2016లో వచ్చిన 90 పీపీఎం నియమం ఇళ్లకు వేసే రంగులకూ అలంకరణ రంగులకూ మాత్రమే వర్తిస్తుంది, పరిశ్రమలలో వాడే రంగులు దాని పరిధిలోకి రావు. అమెరికాలో 2008 నాటి నియమం చిన్న స్ప్రే షాపులకు కూడా క్రోమియం, సీసం, మాంగనీసు, నికెల్, కాడ్మియం అనే ఐదు లోహాల పేరు పెట్టి, 98 శాతం పట్టే ఫిల్టర్లూ ఐదేళ్లకోసారి పెయింటర్లకు శిక్షణా తప్పనిసరి చేసింది. మా దగ్గర రంగు వేయించుకుని అక్కడికి ఎగుమతి చేసే ఒక కస్టమరు ఈ లోహాల గురించే ప్రశ్నావళి పంపినప్పుడు, సమాధానాలు మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఆ ప్రైమర్‌ను ఇప్పుడు వాడటం లేదు.

ఇక ఫిర్యాదులు. అన్నిటికంటే పెద్దది పాస్‌వర్డు వ్యవహారం. మండలి ఆన్‌లైన్ పోర్టల్‌లో మా యూనిట్ ఖాతాకు ఈ సంస్థ తన ఈమెయిలునూ, తన ఉద్యోగి ఫోన్ నంబరునూ పెట్టుకుంది. సౌకర్యం కోసమే అన్నారు. ఫలితంగా మాకు రావలసిన ఒక నోటీసు పదకొండు రోజులు వాళ్ల మెయిలులో పడి ఉంది. ఆ ఉద్యోగి అప్పటికే మానేశాడు. వివరణ ఇవ్వడానికి మిగిలిన గడువు నాలుగు రోజులు. జన విశ్వాస్ సవరణ తర్వాత, అంటే 2024 ఏప్రిల్ నుంచి, వాయు చట్టం కింద జైలు భయం చాలావరకు పోయి దాని స్థానంలో పదివేల నుంచి పదిహేను లక్షల దాకా జరిమానాలు వచ్చాయి. అలాంటప్పుడు ఉత్తరం ఎవరి తలుపు తడుతుందన్నది చిన్న విషయం కాదు. ఇప్పుడు ఖాతా మా ఈమెయిలు మీద, మా నంబరు మీద ఉంది. ఏ సంస్థతో ఒప్పందం చేసుకున్నా మొదటి రోజే ఈ పని చేయించుకోవాలని చదువరులకు నా గట్టి మనవి.

రెండోది ల్యాబు. ఏ ల్యాబు రావాలో వాళ్లే నిర్ణయిస్తారు, బిల్లు వాళ్ల ద్వారానే వస్తుంది. పరీక్ష చేసేవాడికి డబ్బు ఇచ్చేది నివేదిక రాసేవాడైతే అంకెలు మెత్తబడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఇక్కడ అలా జరిగిందని నేననడం లేదు. ల్యాబుకు పర్యావరణ పరిరక్షణ చట్టం 12వ సెక్షన్ కింద గుర్తింపు ఉందో లేదో, ల్యాబులకు ఇచ్చే ఎన్ఏబీఎల్ గుర్తింపు పరిధిలో స్టాకు పరీక్ష ఉందో లేదో మేమే చూసుకుని, ఈ ఏడాది నుంచి బిల్లు నేరుగా చెల్లిస్తున్నాం. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన పర్యావరణ ఆడిట్ నియమాల తర్వాత ఈ విషయంలో అందరూ ఇంకాస్త జాగ్రత్తపడక తప్పదు.

మూడోది నాణ్యత తగ్గుదల. మొదటి ఏడాది వచ్చిన ఇంజనీరు ఉద్యోగం మారిపోయింది. ఆమె స్థానంలో వచ్చిన అబ్బాయి మంచివాడే, కానీ షెడ్డులోకి రావడానికి ఇష్టపడడు. రెండో ఏడాది ఫారం-5 ముసాయిదా సెప్టెంబరు 26న చేతికొచ్చింది. అందులో థిన్నర్ ఒకచోట లీటర్లలో, మరోచోట కిలోలలో ఉంది, రెండింటికీ అంకె ఒకటే. మా పాత కన్సల్టెంటు గుర్తుకొచ్చాడు. నాలుగు రోజులలో మేమే కూర్చుని సరిచేసి 30వ తేదీ మధ్యాహ్నం పంపాం. ఈ తప్పును నేను పట్టుకోగలిగానంటే దానికి కారణం మొదటి ఏడాది ఆమె నేర్పిన లెక్కే.

అందువల్ల ఐదింటికి మూడున్నర నక్షత్రాలు. మొదటి ఏడాదికి ఐదు ఇచ్చేవాణ్ణి, రెండో ఏడాదికి రెండు కూడా కష్టం. నెలకు వంద లీటర్ల లోపు థిన్నర్ వాడే మరీ చిన్న షాపులకు ఈ ధర బరువే. అలాంటివారు స్టోరులో ఒక రిజిస్టరు పెట్టి, వచ్చిన డ్రమ్మూ పోయిన డ్రమ్మూ తేదీతో రాసుకుని, ఫారాలు నింపే పని మాత్రమే బయట ఇచ్చుకోవడం మేలు. సీఎఫ్‌ఓ పునరుద్ధరణ దగ్గరపడినవాళ్లకు, లేదా గతంలో ఎవరో ఎలాగో నింపిన నివేదికలను ఇప్పుడు సరిచేసుకోవాలనుకునేవాళ్లకు ఒక ఏడాది పాటు తీసుకోమంటాను.

మూడో ఏడాదికి మేము మళ్లీ సంతకం చేశాం. ఈసారి ఒప్పందంలో మూడు వాక్యాలు మా చేత్తో చేర్చాం. మూడు నెలలకోసారి వాళ్ల మనిషి రంగులు కలిపే గదిలోకి వచ్చి రిజిస్టరు మీద సంతకం పెట్టాలి, ఫారం-5 ముసాయిదా ఆగస్టు 15లోగా ఇవ్వాలి, ఆ రోజు దాటితే చివరి వాయిదా సొమ్ములో సగం కోత.